దేవదూతలకూ వాటా!

ఆపిల్‌ అంటే మనకు సిమ్లా, కశ్మీర్‌ గుర్తొస్తాయి. ఫ్రాన్స్‌లోని నార్మండీ వాళ్లకైతే సారా బట్టీ గుర్తొస్తుంది! అక్కడి పేయ్‌ దోజ్‌ ప్రాంతానికి వెళితే పచ్చిక బయళ్లలో ఆవులు మేస్తుంటాయి, వాటి తలల మీదుగా ఎత్తయిన ఆపిల్‌ చెట్లు.

అయితే ఆ కాయల్ని కొరికారో, చాలావాటికి మొహం చిట్లించాల్సిందే. చేదు, పులుపు, తీపి రకాలన్నీ కలిస్తేనే రుచి. పళ్లను నలిపి, రసం పిండి, పులియబెడితే సైడర్‌ తయారవుతుంది. దాన్ని రాగి కాగులో మరిగించి ఆవిరిని చల్లబరిస్తే సుమారు 30 శాతం ఆల్కహాల్‌ ఉన్న ‘చిన్న నీళ్లు’ దిగుతాయి. రెండోసారి కాస్తే 70 శాతం దాకా వెళుతుంది. అప్పుడు కూడా తొలిధార, తుదిధార పక్కన పెట్టేసి నడిమిధారనే ఉంచుకుంటారు. అదే కాల్వడోస్‌. ఆ జిల్లా పేరే సారాకూ వచ్చింది. ఈ ప్రాంతపు సరుకుకు 1942లోనే ప్రభుత్వ గుర్తింపు దక్కింది.

బట్టీలో దిగినప్పుడు అది నీళ్లలా తెల్లగా ఉంటుంది. తేనె రంగు తెచ్చేవి ఓక్‌ పీపాలు. వాటిలో కనీసం రెండేళ్లు మగ్గాలి. కొన్ని పీపాలను దశాబ్దాల తరబడి కదపరు. ఏటా కొంత ఆవిరైపోతుంటే ‘దేవదూతల వాటా’ అని నవ్వేస్తారు.

ఆ నవ్వు వెనక కష్టం ఉంది. పెట్టిన డబ్బు ఏళ్ల తరబడి చీకటి కొట్లోనే ఉండిపోతుంది. ఎత్తు చెట్లు నిండుగా కాపుకు రావడానికీ ఏళ్లు పడుతుంది. అందుకే ఇక్కడ తాత నింపిన పీపాను మనవడు తెరుస్తాడు. ఆ మనవడు ఈ ఏడు నింపే పీపా... ఇంకా పుట్టని వాళ్ల కోసం!