నెత్తళ్ళ చారు, కొంపిరా మెట్లు

జపాన్ వెళ్ళినవాళ్ళు టోక్యో, క్యోటో చూసి, ఫ్యూజీ ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. తప్పేం లేదు. నాకు మాత్రం ఆ దేశం రుచి పట్టుబడింది షికోకు దీవిలోని కగావాలో. జపాన్ రాష్ట్రాలన్నిటిలో విస్తీర్ణంలో చిన్నది ఇదే. ఒకాయామాలో రైలెక్కితే 1988లో తెరిచిన సెతో మహాసేతువు మీదుగా సుమారు గంటలో కగావాలోని తకమాత్సు చేరుస్తుంది. మన తల మీద కార్లు, కాళ్ళ కింద సముద్రం.

కగావాలో వానలు తక్కువ, చెప్పుకోదగ్గ నదులు లేవు. అందుకే ఎటు చూసినా చెరువులే. అన్నిట్లోకీ పెద్దదైన మన్నో చెరువుకు గట్టు తెగితే 821లో కూకై అనే బౌద్ధాచార్యుడు మళ్ళీ కట్టించాడు. ఈ నేల మీద పుట్టినవాడే. చైనా నుంచి ఉడోన్ అనే లావుపాటి గోధుమ నూడుల్స్ తెచ్చింది కూడా ఆయనేనని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పేరున్న మహానుభావుడి ఖాతాలో ఇంకో ఘనకార్యం జమ చేయడం మనకు తెలియని విద్యా? అసలు సంగతి ఏమిటంటే, వరికి నీళ్ళు చాలని చోట గోధుమ పండింది, ఉప్పు తీరంలోనే తయారైంది, సోయా సాస్ ఎదురుగా ఉన్న షోదోషిమా దీవి నుంచి వచ్చింది. ఇప్పుడైతే పిండి చాలావరకు ఆస్ట్రేలియా గోధుమదే.

ఉడోన్ కొట్టుకు పొద్దున్నే వెళ్ళాలి. ఆ పూటకు చేసినవి అయిపోతే మధ్యాహ్నానికే తలుపులు మూసేసే కొట్లు చాలా ఉన్నాయి. నేను వెళ్ళినచోట వడ్డించేవాళ్ళు లేరు. ఉడికించి చుట్టలుగా పెట్టిన ఉడోన్‌ను గిన్నెలో వేసి చేతికిచ్చారు. దాన్ని జాలీగరిటెలో వేసి మరిగే నీళ్ళలో ఓ నాలుగుసార్లు ఆడించి, నీళ్ళు విదిలించి, మళ్ళీ గిన్నెలో వేసుకోవాలి. పక్కనున్న డ్రమ్ము కుళాయి తిప్పితే వేడి చారు. పైన ఉల్లికాడలు, అల్లం తురుము మన ఇష్టం. చికువా అనే చేపముద్ద గొట్టంతో వేసిన బజ్జీ కూడా ఒకటి తీసుకున్నాను. ఆ చారు ఎండు నెత్తళ్ళది. మూత తీయగానే వచ్చే వాసన కోస్తావాళ్ళకు కొత్తేం కాదు, కాకపోతే ఇందులో చింతపండు, కారం ఉండవు, ఉన్నదల్లా సముద్రమే. చిటికెన వేలంత లావున్న ఉడోన్ పంటికింద సాగి, చివర్లో పట్టు వదులుతుంది. అందరూ జుర్రుమంటూ తింటారు, పది నిమిషాల్లో లేచి, గిన్నె తామే తీసి పెట్టి వెళ్తారు. శాకాహారులు మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి, చేప లేని చారు దొరకడం కష్టం.

కడుపు నిండాక కొతొహిరా కొండ ఎక్కాను. ఆ కొండ మీది కొంపిరా దేవుడు మనకు దూరపు చుట్టమే. బౌద్ధంతో పాటు ప్రయాణమై వచ్చిన కుంభీరుడు, గంగలోని మొసలి, ఇక్కడ నావికులను కాచే దేవుడయ్యాడు. 1868లో మెయిజీ ప్రభుత్వం బౌద్ధాన్నీ, జపాన్ దేశీయ మతమైన షింతోనూ విడదీశాక ఈ గుడి షింతో ఆలయంగా మారింది. ప్రధాన ఆలయానికి 785 మెట్లు. పెద్ద ద్వారం దాటితే తెల్లటి గొడుగుల కింద మిఠాయి అమ్మేవాళ్ళు ఉంటారు. ఆవరణలో అమ్ముకునే హక్కు తరతరాలుగా ఐదు కుటుంబాలదే. విసనకర్ర ఆకారంలో పసుప్పచ్చని బిళ్ళ, దాన్ని పగలగొట్టడానికి బొమ్మసుత్తి. టక్కున కొడితే ముక్కలు, నోట్లో నారింజ జాతి పండు వాసన.

పైన మొక్కుబడి పటాల మండపం చూడదగ్గది. ఓడల బొమ్మలు, ఫోటోల మధ్య 1990లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి జపానీయుడు అకియామా తొయొహిరో పటం కూడా ఉంది. ఆకాశంలో నడిచేది కూడా నౌకే కదా! బయటికొస్తే మైదానం మధ్యలో బోర్లించిన గిన్నెలా ఈనో కొండ.

మెయిజీకి ముందటి ‘ఎదో’ యుగంలో ఇక్కడికి రాలేనివాళ్ళు తమ కుక్క మెడలో డబ్బుల సంచి కట్టి పంపేవారట. దారిన పోయే యాత్రికులు దానికి తిండిపెట్టి, గుడిదాకా చేర్చేవారు. లోపలి గుడికి వెళ్ళాలంటే మొత్తం 1,368 మెట్లు. మిగతా 583 మెట్ల కోసం నాకూ అలాంటి కుక్క ఒకటి ఉంటే బాగుండుననిపించింది.