అమ్మ ఊరెళ్ళిందని చెప్పాను

మా తమ్ముడికి 41 ఏళ్ళు. ఇంట్లో అందరికీ వాడు చిన్నాయే. సికింద్రాబాద్ బోయినపల్లిలో 1984లో పెట్టిన జాతీయ సంస్థకి అమ్మ వాడిని చిన్నప్పుడు రెండు బస్సులు మారి తీసుకెళ్ళేది. అప్పట్లో బుద్ధిమాంద్యం అన్నారు. 2016 చట్టం వచ్చాక మేధో వైకల్యం అంటున్నారు. అమ్మకి మాత్రం వాడు ఎప్పుడూ చిన్నాయే.

పోయినేడు అమ్మ పోయాక వాడు మా ఇంటికొచ్చాడు. పగలు ఎప్పటిలాగే తనకలవాటైన కేంద్రానికి వెళ్తాడు. కవర్లు అతికిస్తాడు, కొత్తిమీర బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు. అలాంటివాడు రెండు నెలల్లో మూడుసార్లు ఆయమ్మ మీద చెయ్యి చేసుకున్నాడు. మూడోసారి గాజులు పగిలి ఆవిడ చెయ్యి తెగింది. "ఇంకోసారి ఇలా అయితే మేం ఉంచుకోలేమమ్మా" అనేశారు. మావారు ఒక్క మాటా అనలేదు గాని, ఆ రాత్రి అన్నం మధ్యలో లేచిపోయారు.

అదే వారంలో అక్కడి ఆయాలకి మూడు మధ్యాహ్నాలు శిక్షణ పెట్టారు. ఇంటివాళ్ళూ రావచ్చన్నారు. కుక్కర్ దించేసి వెళ్ళి వెనకాల కూర్చున్నాను.

నేర్పడానికొచ్చిన మేడమ్ గారు మొదట ఆయాల సంగతే అడిగారు. "వాళ్ళు అరిచినప్పుడు మీకేమవుతుంది?" అని. ఎవరూ మాట్లాడలేదు. చివరికి దెబ్బ తిన్న ఆయమ్మే, "గుండె దడదడలాడుతుందండీ. నేనూ అరిచేస్తా. పొద్దున్నించీ నిలబడేదాన్ని, కోపం దిగమింగడం నాకెవరు నేర్పారు?" అంది. నాకు సిగ్గేసింది. ఆవిడ చెయ్యి ఎలా ఉందని నేనింతవరకూ అడగనేలేదు.

మన గొంతు పెరిగితే వాళ్ళ భయం పెరుగుతుందట. అందుకని ముందు మన ఊపిరి నిదానం చేసుకోవాలి. కోపంలో ఉన్నవాళ్ళ చెవికి ఎక్కువ మాటలెక్కవు, రెండు ముక్కలు చెప్పి ఆగాలి. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, దూరంగా నిలబడాలి. రెక్క పట్టి లాగకూడదు. పంటినొప్పి, మలబద్ధకం లాంటివి చెప్పుకోలేక కూడా కొడతారట, ముందు అవి చూసుకోవాలి. శాంతించాక మొహాల బొమ్మలు చూపించి కోపమా, భయమా, ఏడుపా అని అడగాలి. ఇవన్నీ ఆయాల చేత ఒకరితో ఒకరికి చేయించారు. నవ్వులే నవ్వులు!

తర్వాత ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీయించారు. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. ఆయమ్మకి చదువు రాదు. ఆవిడ చెబుతుంటే సాయంత్రాలు నేను రాసేదాన్ని.

రెండు వారాలు తిరిగేసరికి సంగతి తెలిసిపోయింది. అన్నీ సాయంత్రం నాలుగింటి గొడవలే. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ వేళకి ఇడ్లీల డబ్బాతో తనే వచ్చి వాడిని తీసుకెళ్ళేది. ఇప్పుడూ వాడు గేటు వైపు చూసి "అమ్మ" అనేవాడు. ఆయమ్మ పాపం ప్రేమగానే "ఊరినించి వచ్చేస్తుందిలే నాన్నా" అనేది. వ్యాన్ వచ్చేది. చెయ్యి లేచేది.

ఆ మాట ఆవిడకి చెప్పమన్నది నేనే. అమ్మ పోయినరోజు వాడిని పక్కింట్లో కూర్చోబెట్టాం. తట్టుకోలేడని పెద్దవాళ్ళన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సుఖమనిపించింది. మేడమ్ గారు నన్ను తప్పుపట్టలేదు. "ఊరెళ్ళిందంటే ఊరెళ్ళిందనే నమ్ముతారమ్మా. చనిపోయిందనే చెప్పండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు" అన్నారు.

ఆదివారం అమ్మ ఫోటో ముందు వాడిని కూర్చోబెట్టుకున్నాను. "అమ్మ చనిపోయింది చిన్నా. ఇక రాదు." వాడు ఫోటోలో బొట్టు తడిమి "ఇడ్లీ?" అన్నాడు. అంతే, ఇద్దరం ఏడ్చాం.

కోపం పూర్తిగా పోయిందని చెప్పను. మొన్న స్టీలు గ్లాసు విసిరాడు. కానీ ఎవర్నీ కొట్టలేదు. నాలుగయ్యేసరికి ఆయమ్మ వాడి పక్కన కూర్చుని, "అమ్మ లేదు కదా. ఏడుపొస్తోందా?" అంటుంది. ఒక్కోరోజు తలూపుతాడు, ఒక్కోరోజు అటు తిరిగి కూర్చుంటాడు. వ్యాన్ ఆగే చోటికి నేను డబ్బా పట్టుకెళ్తున్నాను. రోజూ ఇడ్లీ నావల్ల కావడంలేదు. ఉప్మా కనిపిస్తే మాత్రం మూత పెట్టేసి నా చేతికిచ్చేస్తాడు.