బల్ల మీద బేస్తవారిపేట

రైలు గేటు పడింది. అటు ఎడ్లబండి, ఇటు ఆటో. ఓ పెద్దమనిషికి ఆగే ఓపిక లేదు. సైకిలును పక్కకు వంచి గేటు కింద నుంచి దూరాడు. మనిషి ఇవతలికి వచ్చాడు, సైకిలు ముందు చక్రం వచ్చింది, క్యారియర్ మీది మిరపకాయల బస్తా మాత్రం గేటుకు తట్టుకుని అవతలే ఉండిపోయింది. ముందుకు లాగలేడు, వెనక్కి నెట్టలేడు. గేటుమేన్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. వేపచెట్టు కింద గడ్డం గీస్తున్న మంగలి అటు తిరిగాడు. సగం గడ్డంతో కూర్చున్నాయనా అటే తిరిగాడు. మేక ఒక్కటే తిరగలేదు. అది గోడ మీది సినిమా పోస్టర్‌లో హీరోగారి మీసం నమిలే పనిలో ఉంది!

ఇదంతా జానెడు జాగాలో. మనుషులు చింతగింజకన్నా కాస్త పొడుగు, అంతే. బల్ల మీద నమూనా రైలు దారి వేసుకునే సరదా ఉన్నవాళ్లు పట్టాల పక్కన ఇలాంటి చిన్నచిన్న ముచ్చట్లు పేరుస్తారు. ఇంజను కొనొచ్చు, పెట్టెలు కొనొచ్చు, పట్టాలూ కొనొచ్చు. ఊరిని మాత్రం ఎవరికి వారే తయారు చేసుకోవాలి. మరి బేస్తవారిపేట చుట్టుపక్కల దారిని ఎవరైనా బల్ల మీదికి తేవాలనుకుంటే? ఏమేం పెట్టాలి, ఏమేం వదిలెయ్యాలి?

మనిషి రెండు సెంటీమీటర్లు

ప్రపంచంలో ఎక్కువమంది వాడే నమూనా కొలతను 'హెచ్‌ఓ' అంటారు. అసలు వస్తువును 87 వంతులు చేస్తే అందులో ఒక వంతు. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ తేలతాడు. ఎనిమిది సెంటీమీటర్ల ఎండుమిరపకాయ ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. కల్లంలో మిరపకాయలు ఎండబెట్టినట్టు చూపాలంటే వంటింట్లోంచి చిటికెడు బరక కారం తెచ్చి చల్లితే సరి.

ఇంత కుదించినా ఒక కిలోమీటరు దారికి పదకొండున్నర మీటర్ల బల్ల కావాలి. బేస్తవారిపేట నుంచి కంభం దాకా ఉన్నదున్నట్టు పెట్టాలంటే ఇల్లు కాదు, కల్యాణమండపం చాలదు. అందుకే ఈ పనిలో మొదటి విద్య ఎంచుకోవడం. ఒక గేటు, ఒక స్టేషను, ఒక చెరువుగట్టు, ఒక కొండ మలుపు... చూసినవాళ్లు 'ఇది మా ఊరే' అనేందుకు ఏ నాలుగు చాలో తేల్చుకోవాలి.

జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన 'మినియేచర్ వండర్‌లాండ్' ఈ సరదాకు తిరుపతి లాంటిది. పట్టాలు 15 కిలోమీటర్లకు పైనే. బొమ్మ మనుషులు రెండున్నర లక్షలు దాటారు. చూడవచ్చినవాళ్లు మీటలు నొక్కితే కొన్నిచోట్ల ఆ బొమ్మల్లో కదలిక వస్తుంది. పిల్లలు రైళ్లకన్నా ఆ మీటల దగ్గరే ఎక్కువసేపు నిలబడతారంటే ఆశ్చర్యం లేదు. మనకు దగ్గర్లో చూడాలంటే పుణెలోని కోత్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. 1998లో మొదలైంది. రైళ్లు తిరిగే ఆ బొమ్మల పట్నంలో సర్కస్ డేరా కూడా ఉంది.

మన ఇంట్లో ఉన్నదే

ఇదేదో విదేశీ సరదా అనుకోనక్కర్లేదు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టిన ఇంట్లో పై మెట్ల మీద దేవుళ్లుంటారు. అమ్మమ్మలు వాళ్లకు దండం పెడతారు. పిల్లల చూపు మాత్రం కింది మెట్టు దగ్గరే. అక్కడ ఇసుక పోసి ఊరు కడతారు. ఆవాలు, మెంతులు మొలకెత్తించి పైరు పెంచుతారు. అద్దం ముక్క పెడితే చెరువు. అందులో ప్లాస్టిక్ బాతులు. పప్పుల బస్తాల మధ్య బొజ్జ నిమురుకునే శెట్టిగారు, పక్కన శెట్టెమ్మ. చుట్టూ కీ ఇస్తే తిరిగే రైలు. బాతు రైలుకన్నా పెద్దదైనా ఎవరూ అడగరు!

కొండపల్లి బొమ్మలదీ ఇదే దారి. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, రంగులద్ది తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుణ్నీ, బండి తోలే రైతునూ నిలబెడతారు. ఆ బొమ్మల్లో ఖాళీగా నిలబడ్డవాళ్లు తక్కువ. ఎవరి పనిలో వాళ్లుంటారు. నమూనా రైలు దారికి కావలసింది సరిగ్గా అదే. చేతిలో పనిలేని బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. చేతికి చెంబిస్తే మనిషైపోతుంది.

కొండలకు పలక ముక్కలు

బేస్తవారం అంటే గురువారం. పేరులోనే వారాన్ని మోసే ఈ ఊరికి ఒకవైపు మార్కాపురం, ఇంకోవైపు కంభం, గిద్దలూరు. పడమట నల్లమల. ఇక్కడివాళ్లకు రైలంటే కంభం స్టేషనే. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే దారిలో మార్కాపురం రోడ్డు, తర్లుపాడు దాటితే కంభం. ఆ తర్వాత జగ్గంభొట్ల కృష్ణాపురం, సోమిదేవిపల్లె, గిద్దలూరు. దిగువమెట్ట నుంచి అడవి.

బల్ల మీద కొండలు చేయడానికి అందరూ థర్మకోల్ చెక్కుతారు, ప్లాస్టర్ పోస్తారు. ఈ దారికి ఆ అవస్థ అక్కర్లేదు. మార్కాపురం పలకల ఊరు. ఒకప్పుడు బడికెళ్లే పిల్లల చంకల్లో ఉన్న రాతి పలకలు ఎన్నో ఇక్కడివే. విరిగిన పలక ముక్కల్ని ఒకదాని మీదొకటి పేర్చితే పొరలు పొరలుగా కొండచరియ సిద్ధం! నల్లమలలోని ఒక శిలల వరసకు భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరే పెట్టారు. అంటే బల్ల మీది కొండా, అసలు కొండా ఒకే ఇంటివి.

నేలకు జల్లించిన ఎర్రమట్టి, జిగురు నీళ్లు. తుమ్మచెట్లకు ఎండు పుల్లలు, ఆకుపచ్చ రంగు పట్టించిన రంపపుపొట్టు. కంభం చెరువుకు అద్దం. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఈ చెరువు రాయల కాలం నాటిది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. వానలు మొహం చాటేసిన ఏడు అసలు చెరువు అడుగు బయటపడుతుంది. అద్దం చెరువుకు మాత్రం ఏడాది పొడుగునా నీళ్లే. ఈ ప్రాంతం రైతు చూస్తే నవ్వుతాడో, నిట్టూరుస్తాడో!

నవ్వించడమూ ఒక లెక్కే

చిన్న ముచ్చట్లు పెట్టడంలో అనుభవం ఉన్నవాళ్లు కొన్ని సంగతులు పాటిస్తారు. పరుగెత్తేవాణ్ని పెట్టకూడదు. ఎంతసేపు చూసినా కాలు గాల్లోనే ఉంటే బొమ్మని తెలిసిపోతుంది. గేటు కింద ఇరుక్కున్నాయన నయం. ఆయన నిజంగానే కదల్లేడు కదా! జోకును బల్ల మధ్యలో పెట్టకూడదు. గోడ వెనకో చెట్టు చాటునో ఉంటే, రెండోసారి చూసినప్పుడు దొరుకుతుంది. దొరికినవాడు పక్కవాణ్ని పిలిచి చూపిస్తాడు. ముచ్చటకూ ముచ్చటకూ మధ్య ఖాళీ జాగా ఉండాలి. అడుగడుగునా నవ్విస్తే ఊరు కాస్తా సర్కస్ అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. నవ్వు ఆ మనుషుల్ని ఎరిగినవాడి నవ్వై ఉండాలి. టీ బంకు దగ్గర ఒకే దినపత్రికను నాలుగు ముక్కలు చేసుకుని నలుగురు చదవడం, బస్సు సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేసినాయన ఆ బస్సు కాదని తెలిసి తువ్వాలు కోసం బతిమాలడం, స్టేషన్ బెంచీ మీద ఒకాయన రైలు వచ్చేదాకా మేలుకుని సరిగ్గా వచ్చేసరికి గుర్రుపెట్టడం... ఇవి చూసి బేస్తవారిపేట మనిషి 'మా బాబాయే' అనాలి. 'మమ్మల్ని వెక్కిరించారు' అనకూడదు.

ఇక రైలు లేని వంతెన

ఈ దారిని బల్ల మీదికి తేవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వేసిన ఈ లైను నూరేళ్లు మీటరు గేజి మీద నడిచింది. దిగువమెట్ట, గాజులపల్లె మధ్య నల్లమలలో దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన వంతెన ఉండేది. చిన్న పెట్టెల బండి దాని మీదికి రాగానే పిల్లలు కిటికీలకు అతుక్కుపోయేవాళ్లు, పెద్దలు వాళ్ల చొక్కాలు పట్టుకునేవాళ్లు. 1990లలో బ్రాడ్ గేజి వచ్చింది. దారి మారింది. ఆ వంతెన మీద ఇక రైలు లేదు. ఇప్పుడు కరెంటు ఇంజన్లు వేరే దారిలో కొండ దాటుతున్నాయి. ప్రయాణం సుఖమైంది, కాదనలేం. అయినా ఆ వంతెన మీద మళ్లీ బండి నడవాలంటే బల్ల ఒక్కటే మార్గం. హెచ్‌ఓ కొలతలో మీటరు గేజికి 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. వంతెన మీద పెట్టె కిటికీలో ఒక బుల్లి తల, వెనక చొక్కా పట్టుకున్న ఒక చెయ్యి... అంతే చాలు.

ప్లాట్‌ఫారం చివర

అన్నీ అమరాక కంభం స్టేషన్ చివర కాస్త ఖాళీ మిగులుతుంది. అక్కడ నవ్వు పెట్టలేం. నీళ్లు సరిపోని నేల ఇది. పనుల కోసం గుంటూరు మిరప తోటలకో, హైదరాబాదు, బెంగళూరు కట్టుబడి పనులకో వెళ్లే కుటుంబాలు మూటలతో ఈ స్టేషన్లలోనే బండెక్కుతాయి. కాబట్టి ఇక్కడ మూడు మూటలు, ఒక బిందె, భార్యాభర్తలు, తల్లి చంకలో బిడ్డ. కంచెకు ఇవతల ఒక ముసలమ్మ, ఆమె కొంగు పట్టుకుని బడికెళ్లే వయసు పిల్లాడు. వాళ్లు బండెక్కరు. వీళ్ల చేతులు పైకెత్తనక్కర్లేదు. తలలు బండి వైపు తిప్పితే చాలు.

మేకను చూసి, గేటు కింద పెద్దమనిషిని చూసి నవ్వుకుంటూ వచ్చినవాళ్లు ఇక్కడికొచ్చాక ఒక్క క్షణం ఆగుతారు. ఏ వివరణా రాసిపెట్టక్కర్లేదు. ఈ ప్రాంతంలో దాదాపు ప్రతి ఊరికీ ఈ కంచె తెలుసు.

ఆ తర్వాత మీట నొక్కుతారు. బండి కదులుతుంది. అద్దం చెరువు పక్కగా, పలకల కొండల మధ్యగా, దొరబావి మీదుగా పోతుంది. బల్ల మీద పట్టాలు గుండ్రంగా ఉంటాయి. రెండు నిమిషాలు గడిచేసరికి ఆ బండే మళ్లీ కంభం వచ్చి ఆగుతుంది. కంచె దగ్గర పిల్లాడు అటే చూస్తూ ఉంటాడు.