మూసారాం తండ్రి పేరు

హైదరాబాదులో చదివే రోజుల్లో నా గది మలక్‌పేట అవతల ఉండేది. బస్సు కండక్టరు "మూసారాంబాగ్" అని అరిచినప్పుడల్లా మూసా అనే సాయిబూ, రాం అనే హిందువూ కలిసి వేయించిన తోట గాబోలనుకునేవాణ్ణి. యర్రగొండపాలెం నుంచి వచ్చినవాడికి అంతకన్న ఏం తోస్తుంది! అది ఒక ఫ్రెంచి దొర పేరేననీ, ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారనీ మా లెక్చరరుగారు చెబితే మొదట నమ్మలేదు. ఆదివారం పనిగట్టుకుని పోయి చూశాను.

గుట్ట మీద ఇరవై అడుగులు దాటిన కొనదేలిన రాతి స్తంభం. దాని మీద జె.ఆర్. అనే రెండక్షరాలు. పక్కన స్తంభాల మంటపం (అది 2001లో కూలితే తర్వాత మళ్ళీ కట్టారు). పూర్వం వర్ధంతినాడు నిజాం ఆ గోరీకి చుట్టల పెట్టె, బీరు సీసా పంపేవాడని చెప్పుకుంటారు. తద్దినానికి బీరేమిటని మా మిత్రబృందం చాలాకాలం నవ్వుకుంది!

దొర పూర్తి పేరు మిషెల్ జోయాకిం మరీ రేమండ్. 1755లో ఫ్రాన్సు దక్షిణాన గాస్కనీ సీమలో ఒక వర్తకుడి ఇంట పుట్టాడు. 1775లో వ్యాపారం చేద్దామని పుదుచ్చేరిలో దిగి, తక్కెడ వదిలి తుపాకీ పట్టాడు. హైదరాలీ పక్షాన యుద్ధం చేశాడు, బుస్సీ దగ్గర పనిచేశాడు. 1785లో బుస్సీ చనిపోయాక నిజాం కొలువులో స్థిరపడ్డాడు. మూడు వందల మందితో మొదలైన పటాలం దాదాపు పద్నాలుగు వేలయింది. ఆ సిపాయిల జీతాల కోసం నిజాం కడప సీమను జాగీరుగా అప్పగిస్తే, మద్రాసు ఇంగ్లీషువాళ్లు ఉలిక్కిపడి గొడవచేసి వెనక్కి పిలిపించారు. 1798 మార్చి 25న రేమండ్ పోయాడు. ఆ అక్టోబరులో, జీతం బాకీల కోసం తిరగబడి ఉన్న సిపాయిల్ని ఇంగ్లీషువాళ్లు చుట్టుముట్టి ఆయుధాలు దింపించారు.

దసరా సెలవులకు ఇంటికి పోయి ఇదంతా గొప్పగా చెబుతుంటే మా జేజి చెవులు రిక్కించింది.

"పరాసు పటాలమా? మీ తాతల్లో ఒకాయన ఆ పటాలంలోనే పనిచేసినాడంటరా. జీతం లేక, తుపాకీ ఆడనే పెట్టి, నడిచి ఇంటికొచ్చినాడంట."

నా గుండె ఝల్లుమంది. "ఆయన పేరేంది జేజీ?"

"పేరెవురికి తెలుసు? పటాలం తాత అనేవాళ్లు."

అదీ సంగతి. అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. ఫ్రాన్సులో 1539 నుంచే పిల్లల బాప్తిస్మాలు పుస్తకంలో రాయాలని రాజశాసనం ఉంది. 1667లో రెండు ప్రతులు రాయాలన్నారు, ఒకటి కాలినా రెండోది ఉంటుందని. పుదుచ్చేరి, యానాంల పుట్టుక, పెళ్ళి, చావు పుస్తకాలు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలోని భాండాగారంలో ఉన్నాయి. ఈనాడు ఇంట్లో కూర్చుని వాటిని కంప్యూటరులో తిరగెయ్యొచ్చు. మరి పటాలం తాతకో? మా సీమ 1800లో నిజాం చేతినుంచి కుంఫిణీకి పోయింది. మొదట కడప జిల్లా, 1858లో కర్నూలు, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా. కాగితాలు కూడా ఆ లెక్కనే ఊళ్లు తిరిగాయి. 1984లో కరణాలు పోయారు. గోత్రాలు చెప్పే వంశరాజులు ఇంటికొస్తే కూర్చోబెట్టి అడిగాను. ఇంటిపేరు, గోత్రం, మూలపురుషుడు ఎక్కణ్ణుంచి వచ్చాడు, అన్నీ రాగం తీసి చెప్పారు. నడుమ నాకు కావలసిన ఆ ఒక్క మెట్టే లేదు. తద్దినంలో మూడు తరాల పేర్లు చెబుతాం గదా, ఆ పైవాళ్లంతా మాకు పటాలం తాతలే!

పరాయిదేశపు సిపాయి పుట్టిన ఏడు దొరికింది, చచ్చిన తేదీ దొరికింది. మావాడి పేరే దొరకలేదు. దీనికి నాకు రోషం వచ్చిన మాట నిజం. కానీ జేజికి రాలేదు. ఆ రాత్రి అరుగు మీద పడుకుని చాలాసేపటికి అడిగింది.

"ఒరే, మావోడు జీతం లేకపోయినా ఇల్లు చేరినాడు. ఆ దొర ఈడనే పోయినట్టు వాళ్ళ అమ్మకి ఎవురు చెప్పింటారు?"

ఓడమీద ఉత్తరం పోవడానికి నెలలు పట్టేదని చెప్పాను. అప్పటికి ఇంగ్లీషువాళ్లతో యుద్ధం కూడా నడుస్తోందని చెప్పాను.

"అయితే చాన్నాళ్లు ఎదురు జూసుంటాది పాపం" అని అటు తిరిగి పడుకుంది.