చిట్టచివరివాడు వచ్చేదాకా

పిల్లలూ! తెల్లవారుజామున శ్రీకాకుళం వైపు గాని, విజయనగరం వైపు గాని మీరెప్పుడైనా ప్రయాణం చేశారా? చేసివుంటే ఒక దృశ్యం మీ కంట పడే ఉంటుంది. ఇంకా మసక వెలుతురు ఉండగానే, రోడ్డు వారన ఇద్దరు ముగ్గురు చొప్పున కుర్రవాళ్లు పరుగెత్తుతూ పోతుంటారు. సైన్యంలో చేరాలన్న పట్టుదలతో సాధన చేసేవాళ్లు వాళ్లలో చాలామంది. వాళ్లను చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు. టీ దుకాణం ముందు కూర్చున్నవారు ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ గ్లాసు అందుకుంటారు.

రోడ్డు పక్కన నిలబడి చూడటం మన ప్రాంతంవారికి చేతగాదా అంటే, అదేమీ కాదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం చూడండి. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చోగా, ఆ మాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. దాన్ని చూడటానికి లక్షల మంది పొద్దుటినుంచీ కాళ్లు నొప్పి పుట్టేలా నిలబడతారు. మనకు ఓపిక ఉన్నది, అభిమానమూ ఉన్నది. అయితే ఒళ్లు వంచి సాధన చేసి, ఊరికీ దేశానికీ పేరు తెచ్చేవాళ్లను మనం ఎలా చూసుకుంటున్నాం? ఇతర దేశాలవాళ్లు ఎలా చూసుకుంటున్నారు? రండి, ఈ జిల్లాలలో తిరుగుతూ, మధ్య మధ్య సముద్రాలు దాటి వద్దాం.

ముందు శ్రీకాకుళం పట్టణానికి వెళదాం. ఇక్కడి క్రీడామైదానం పేరు కోడి రామమూర్తి స్టేడియం. ఈ రామమూర్తి నాయుడు పుట్టిన ఊరు వీరఘట్టం. ఆ ఊరు ఇదివరకు శ్రీకాకుళం జిల్లాలోది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఆయన విజయనగరంలో వ్యాయామం నేర్చి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. తరువాత సర్కసు కంపెనీ పెట్టాడు. ఛాతీకి ఇనుప గొలుసు బిగించుకుని, ఊపిరి పూరించి దాన్ని తెంచేవాడు. రెండు కార్లను తాళ్లతో భుజాలకు కట్టించుకుని, అవి చెరొక వైపు లాగినా కదలకుండా నిలిచేవాడు. జనం ఆయనను “కలియుగ భీముడు” అన్నారు. 1942లో ఆయన ఒడిశాలో కన్నుమూశాడు. ఇప్పుడు విశాఖపట్నం సముద్రతీరాన ఆయన విగ్రహం కూడా ఉన్నది. చూశారా? పోయిన తరువాత కూడా పేరు నిలబెట్టడం మనకు తెలుసు.

ఫిన్లండు దేశంవారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. పావో నుర్మి అనే పరుగుల వీరుడు 1920, 1924, 1928 ఒలింపిక్సులలో కలిపి తొమ్మిది బంగారు పతకాలు గెలిచాడు. అతను బతికి ఉండగానే, ఇంకా పరుగెత్తుతూ ఉండగానే, 1925లో వైనో ఆల్టొనెన్ అనే శిల్పి చేత అతని విగ్రహం చేయించారు. కాని 1932లో, పోటీలలో డబ్బు తీసుకున్నాడని అధికారులు అతన్ని ఒలింపిక్సులో పాల్గొననివ్వలేదు. మరి ఫిన్లండు ప్రజలు అతన్ని మరిచిపోయారా? లేదు. 1952లో హెల్సింకి నగరంలో ఒలింపిక్సు జరిగినప్పుడు, జ్యోతి పట్టుకుని మైదానంలోకి పరుగెత్తుకుంటూ వచ్చినది ఎవరనుకున్నారు? యాభై అయిదేళ్ల నుర్మి! జనం కేరింతలతో ఆ మైదానం దద్దరిల్లిపోయింది.

మళ్లీ మన ప్రాంతానికి వద్దాం. శ్రీకాకుళానికి దగ్గరలోనే ఆమదాలవలస ఉన్నది. ఆ పక్కన ఊసవానిపేట అనే చిన్న ఊరు. కరణం మల్లేశ్వరి బరువులెత్తడం నేర్చుకున్నది ఇక్కడే, నీలంశెట్టి అప్పన్న అనే గురువు దగ్గర. ఆమె 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత అయింది. 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో మొదట 110 కిలోలు, తరువాత 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకు పూనుకుంది గాని, అది నిలవలేదు. కంచు పతకం వచ్చింది. మొదటి స్థానంలో ఉన్నావిడ ఎత్తినది 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలే! ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మల్లేశ్వరి. ఆ ఏడు మన దేశానికి వచ్చిన పతకం కూడా అదొక్కటే.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. ఆ 130 కిలోలు కూడా నిలవక, పతకం రాకపోయి ఉంటే? అన్నేళ్ల సాధన అంతే గదా! చెమట అంతే గదా! అప్పుడు మనం ఆమెను తలుచుకునేవాళ్లమా? కాస్త ఆలోచించండి.

ఈ ప్రశ్నకు జపానులో ఒక మంచి జవాబు దొరుకుతుంది. 1912లో కనకురి షిజో అనే విద్యార్థి స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో మారథాన్ పరుగుకు వెళ్లాడు. ఆ రోజు ఎండ మండిపోయింది. అతను నడుమ సొమ్మసిల్లి, ఒక ఇంటివారి ఆతిథ్యంతో తేరుకుని, అధికారులకు చెప్పకుండానే వెళ్లిపోయాడు. అయినా అతను పరుగు వదిలిపెట్టలేదు. 1920లో హకోనె ఎకిదెన్ అనే పోటీ మొదలుపెట్టడానికి ముఖ్యులలో ఒకడయ్యాడు. ఏటా జనవరి 2, 3 తేదీలలో కళాశాలల జట్లు టోకియో నుంచి హకోనె కొండల దాకా వెళ్లి, తిరిగి వస్తాయి. జట్టుకు పదిమంది. ఒకడు తన వంతు పరుగెత్తి, భుజానికి వేసుకున్న గుడ్డ పట్టీని తరువాతివాడికి అందిస్తాడు. పట్టీ ఆలస్యమైతే, తరువాతివాడు దానికోసం ఆగకుండా బయలుదేరవలసిందే. చలిలో దారి పొడవునా నిలబడినవారు ముందున్న జట్టుకే కాదు, వెనకబడిన జట్టుకు కూడా కేకలు వేసి ఉత్సాహం ఇస్తారు.

స్వీడను దేశంవారు కూడా కనకురిని మరిచిపోలేదు. 1967లో అతన్ని స్టాక్‌హోముకు పిలిచి, మిగిలిన పరుగు ముగించమన్నారు. ముసలాయన నవ్వుతూ గీత దాటాడు. పట్టిన కాలం 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల చిల్లర!

ఇక విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకు వెళదాం. బరువులెత్తేవాళ్లకు పేరుపడ్డ పల్లె ఇది. ఈ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో మూడవదిగా నిలిచి కంచు పతకం అందుకుంది. తరువాత, మొదట వచ్చిన అమ్మాయి నిషిద్ధమైన మందు వాడినట్లు తేలింది. అప్పుడు సంతోషికి వెండి దక్కింది. కాని ఆనాడు మైదానంలో మోగిన చప్పట్లు మళ్లీ మోగవు గదా! న్యాయంగా ఆడేవారికి మన గౌరవం ఆలస్యంగానైనా అందాలి.

చివరగా ఇథియోపియా. అబెబె బికిలా ఆ దేశపు చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు. 1960లో రోము నగరంలో, చెప్పులైనా లేని కాళ్లతో, 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగు గెలిచాడు. 1964లో టోకియోలో మళ్లీ గెలిచాడు. 1969లో కారు ప్రమాదంలో అతని కాళ్లు పడిపోయాయి. అతను చక్రాల కుర్చీలో కూర్చుని విలువిద్య పోటీలలో పాల్గొన్నాడు. 1973లో చనిపోయినప్పుడు వేలాదిమంది ప్రజలు అతన్ని సాగనంపటానికి కదిలివచ్చారు. పరుగెత్తలేని రోజులలో కూడా అతను వాళ్లకు వీరుడే.

చూశారా పిల్లలూ! విగ్రహం పెట్టడం, మైదానానికి పేరు పెట్టడం మంచివే. అవి పెద్దలు చేసే పనులు. మీరు చేయగలిగినది ఒకటి ఉన్నది. మీ బడిలో ఆటల పోటీలు జరిగేటప్పుడు, మొదటివాడు గీత దాటగానే అందరూ అటు పరుగెత్తుతారు. మీరు మాత్రం అక్కడే ఉండండి. రొప్పుతూ, ఒంటరిగా, చిట్టచివరివాడు ఇంకా వస్తూనే ఉంటాడు. వాడు కూడా గీత దాటేదాకా మీ చప్పట్లు ఆగకూడదు సుమా!