వజ్రాల వర్తకుడు, మూడు వరహాల కూలి



అక్టోబరు 31 వస్తే సంస్కరణ దినమని జ్ఞాపకం చేసుకుంటాం. 1517లో మార్టిన్ లూథర్ 95 సిద్ధాంతాల గురించి ప్రసంగాలు వింటాం. అదంతా ఎక్కడో జర్మనీ సంగతి అని మనలో చాలామంది అనుకుంటారు. అయితే ఆ సంస్కరణ సంఘంలో పుట్టిన ఒక మనిషి మన హైదరాబాదు పాతబస్తీకి వచ్చాడు. ఆయన పాదిరి కాదు, వజ్రాల వర్తకుడు. పేరు టావెర్నియర్.

1605లో పారిస్‌లో ప్రొటెస్టెంటు ఇంట పుట్టాడు. తండ్రి దేశాల పటాలు అమ్మేవాడు. యూరపు అప్పుడు మారిపోతోంది. సామాన్యులు తమ సొంత భాషలో వాక్యం చదువుకుంటున్నారు. 1609లో గెలీలియో దూరదర్శినిని ఆకాశం వైపు తిప్పాడు. పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మడం ఒక్కటే చాలదని, కళ్ళారా చూసి, కొలిచి, రాసి, అచ్చు వేయించాలనే అలవాటు బలపడింది. టావెర్నియర్ కూడా అలాగే చేశాడు. తన ప్రయాణాలన్నీ రాసి 1676లో పుస్తకంగా అచ్చు వేయించాడు.

అందులో మన నగరం ఉంది. దాన్ని భాగ్‌నగర్ అన్నాడు. 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్ చూసి, పారిస్‌లో పేరుపొందిన వంతెనకు ఇది ఏమంత తీసిపోదని రాశాడు. మన ఊళ్ళ నుంచి మేస్త్రీ పనికి వెళ్ళే తమ్ముళ్ళకు ఆ పూల్ తెలిసే ఉంటుంది. అప్పటికి గోల్కొండ రాజులు ముస్లిములు. అయినా ఈ ప్రొటెస్టెంటు ఆ రాజ్యంలో వ్యాపారం చేసుకున్నాడు. ఆ 17వ శతాబ్దంలోనే అక్కడ బ్రతికిన ఆర్మేనియా క్రైస్తవుల సమాధులు పాతబస్తీ ఉప్పుగూడలో నేటికీ ఉన్నాయి.

ఆయన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనికి కూడా వెళ్ళాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు కలిపి సుమారు 60,000 మంది అక్కడ పని చేస్తున్నారని రాశాడు. మరో గనిలో పని బాగా తెలిసిన కూలీకి ఏడాదికి దొరికేది 3 వరహాలే అని రాశాడు. ఒక పేదవాడు రాయిని కంటి మూలలో దాచుకుని పట్టుబడ్డాడట. కూలి అంత తక్కువ కాబట్టే దాచడానికి వెనకాడరని ఆయనే ఒప్పుకున్నాడు. వజ్రాన్ని తూచిన కన్నే ఆ కూలిని కూడా లెక్క కట్టింది. దాన్ని దాచకుండా రాసినందుకు ఆయనను మెచ్చుకుంటాను. కానీ రాసి ఊరుకున్నాడు, రాళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ రాళ్ళలో ఒక పెద్ద నీలి వజ్రం ఉంది. అది కొల్లూరుదే అంటారు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ దాన్ని కొన్నాడు, టావెర్నియర్‌కు ప్రభువంశపు హోదా ఇచ్చాడు. అదే రాజు 1685లో, ప్రొటెస్టెంటులకు 1598 నుంచి ఉన్న స్వేచ్ఛను రద్దు చేశాడు. పాదిరులు మతం మార్చుకోవాలి, లేదా 15 రోజుల్లో దేశం విడిచిపోవాలి. పారిస్ విశ్వాసులు ఆరాధించే షారంటన్ మందిరాన్ని కూలగొట్టారు. సుమారు 2 లక్షల మంది దేశం విడిచి పారిపోయారు. మారకుండా మిగిలినవాళ్ళు అడవుల్లో, కొండల్లో రహస్యంగా కూడుకున్నారు. రాజుకు ఎంత గొప్ప రాయి అమ్మినా, అది ఒక్క మందిరాన్ని కూడా కాపాడలేకపోయింది. టావెర్నియర్ 1689లో, ఇంకో ప్రయాణంలో, రష్యాలో కన్నుమూశాడు.

మత్తయి 13వ అధ్యాయంలో ప్రభువు ఒక వర్తకుని గూర్చి చెప్పాడు. అమూల్యమైన ముత్యం దొరికినప్పుడు వాడు తనకున్నదంతా అమ్మి దాన్ని కొన్నాడు. ఆ అడవుల్లో కూడుకున్న పేరు తెలియని విశ్వాసులే అలాంటి వర్తకులు. ఇళ్ళు పోయినా, పొలాలు పోయినా, వాక్యాన్ని పోగొట్టుకోలేదు.

ప్రియులారా, సంస్కరణ దినాన పాటలు పాడుదాం, మంచిదే. అయితే రెండు సంగతులు ఆలోచించండి. మొదటిది, మన పొలంలో, మన ఇంటి కట్టుబడిలో పనిచేసినవారికి కూలి సరిగా, వేళకు ఇచ్చామా? పట్టుకున్న కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబు పత్రిక హెచ్చరిస్తోంది. చూసి, లెక్క తెలిసి, ఊరుకుంటే చాలదు. రెండవది, మన విశ్వాసికి పరాయి మతంవారి నగరంలో చోటు దొరికింది. మన ఊళ్ళో మనకంటే తక్కువమంది ఉన్నవారికి మన దగ్గర చోటు ఉందా?

ప్రార్థన: ప్రభువా, మాకు చూసే కన్నులిచ్చావు. చూసినదాన్ని బట్టి నడిచే పాదాలు కూడా దయచేయుము. ఆమేన్.