ఇంజన్ నంబరు

మాకు అత్తరు వాసన కంటే ముందు డీజిల్ వాసనే తెలుసు. బాపట్ల నుంచి చీరాల వెళ్ళే దారిలో, స్టూవర్టుపురానికి దగ్గర్లో మా అబ్బా మెకానిక్ షెడ్డు. నాలుగు రేకులు, రెండు తాటి దూలాలు, ఇంజన్ పైకెత్తడానికో చైన్‌బ్లాక్. అదే మా జాగీరు. సాయిబులంటే నవాబులనుకునేవాళ్ళు ఆ షెడ్డు ఒకసారి చూడాల్సింది.

పెట్రోలు ఖరీదు మోయలేనివాళ్ళు తమ అంబాసిడర్లకీ జీపులకీ డీజిల్ ఇంజన్ వేయించుకునే రోజులవి. కొత్త ఇంజన్ కొనే తాహతెవరికి? అబ్బా విజయవాడ ఆటోనగర్ వెళ్ళి, యాక్సిడెంటు బండ్లలోంచి తీసిన మటడార్ ఇంజన్లు వెతికేవాడు. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించేవాడు. ముందే వేడి చేసిపెట్టిన ఇంజన్ రోగం దాచుకుంటుందనేవాడు. ఆయిల్ మూత తీసి చెయ్యి అడ్డం పెట్టేవాడు. పొగ తన్నితే రింగులు, బోరు అరిగినట్టే. ఆయిల్ పాలమీగడలా తేలితే లోపల నీళ్ళు కలిసినట్టే. అన్నీ బాగున్నా బిల్లు లేకపోతే కొనేవాడు కాదు. బ్లాకు మీది నంబరూ బిల్లులో నంబరూ వేలు పెట్టి సరిచూసేవాడు.

డీజిల్ ఇంజన్ బరువెక్కువ. మౌంటింగులు కొత్తగా వెల్డింగు చేయాలి, జీపు ముందు కమాన్లకి ఇంకో పట్టీ చేర్చాలి, గేర్‌బాక్సుకి కుదరడానికి ప్లేటు తిప్పించాలి. చివరికి రవాణా ఆఫీసులో ఆర్సీ మీద కొత్త నంబరు ఎక్కించాలి. ఈ పనులన్నిట్లో అబ్బాకి కుడిభుజం స్టూవర్టుపురం ఎరుకలాయన. మేం బాబాయ్ అనేవాళ్ళం.

"సాయిబూ, ఇది పక్కూరి సరుకు కాదుగదా?" అని ఓనర్లు నవ్వేవాళ్ళు. అబ్బా బిల్లు చూపించేవాడు. బాబాయ్ తల వంచుకుని నట్లు బిగించేవాడు.

1993లో ఒక రాత్రి పోలీసులొచ్చారు. ఎక్కడో ఇంజన్ పోయిందట. పేర్లడిగారు. ఒకరు సాయిబు, ఒకరు ఎరుకల. ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. రెండు రోజులు ఇద్దర్నీ స్టేషన్లో కూచోబెట్టారు. మూడో రోజు ఎవరో పెద్దమనిషి చెబితే బిల్లు చూశారు. నంబరు సరిపోయింది. "పొండి" అన్నారు. ఇంజన్ మాత్రం స్టేషన్ ఆవరణలో వానకి తడిసి తుప్పుపట్టాక తిరిగొచ్చింది.

ఆ రాత్రి మేం చేసిన పని చెప్పుకోవాలి. "బాబాయ్‌ని మాన్పించెయ్యి అబ్బా, ఆయన వల్లే ఇదంతా" అన్నాం. ఇంటిల్లిపాదీ అన్నాం. మసీదు కూలిన మర్నాటి నుంచి మమ్మల్ని జనం ఎలా చూశారో తెలిసి కూడా అన్నాం. అబ్బా అన్నం ముద్ద పళ్ళెంలో పెట్టేసి అన్నాడు: "ఉసకో నికాలే తో, ఉనో బోలే సో సచ్ హో జాతా." అతన్ని తీసేస్తే వాళ్ళన్న మాట నిజమని మనమే సంతకం పెట్టినట్టు.

పెద్దయ్యాక చదివాం. 1871లో తెల్లదొరలు చట్టం చేసి కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్థుల్ని చేశారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఈ సెటిల్‌మెంటు పెట్టారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటడానికి లేదు. 1952లో ఆ చట్టం పోయింది. 1991లో చిరంజీవి సినిమాకి మాత్రం ఊరి పేరుతో పాటు పోలీస్ స్టేషనే టైటిలయింది.

అబ్బా లేడు. షెడ్డూ లేదు. మా పేరు వినగానే ఇల్లు అద్దెకివ్వని సెక్యులర్ మిత్రుల మీద మేం చాలా రాశాం. రాయాల్సిందే. కానీ బాబాయ్ కొడుకు ఉద్యోగం కోసం ఊరి పేరు దాచి "బాపట్ల" అని రాశానని చెప్పినప్పుడు, మా నోట మాట రాలేదు. ఆ రాత్రి అన్నం పళ్ళెం ముందు మేమన్న మాట అతనికి ఇప్పటికీ చెప్పలేదు.